పాసు మీద వేసవి

ఏప్రిల్ చివరికొచ్చిందంటే ఖరిదాలోని తెలుగు ఇళ్లలో ఒక లెక్క మొదలయ్యేది. పిల్లల మార్కుల లెక్క కాదు, ఇంట్లో ఎన్ని సెట్ల పాసులు మిగిలాయన్న లెక్క. రైల్వేలో అయిదేళ్ల సర్వీసు నిండిన కార్మికుడికి ఏటా మూడు సెట్లు వస్తాయి. సెట్టంటే రానూపోనూ. ఒకటి ఎవరి పెళ్లికో, ఎవరి కర్మకాండకో ఖర్చయిపోతుంది. ఇంకొకటి సంక్రాంతికి అట్టిపెట్టాలి. మూడోది వేసవిది. దాని జోలికి ఎవరూ పోకూడదు.

పోకూడదని గట్టిగా చెప్పే మనిషి ఒకాయన అక్కడ ఉన్నాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి 2015లో రిటైరయ్యాడు. ఆయన తండ్రి పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి అదే వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరాడు. తండ్రి ఊరు పలాస, కొడుకు ఊరు ఖరిదా. రెండూళ్లకీ మధ్య ఉన్నది ఒకటే దారి, రైలు పట్టాలు.

ఇది ఆ ఒక్క ఇంటి కథే కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసి, వర్క్‌షాప్ కట్టినప్పుడు దానికి చేతులు కావలసి వచ్చాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలోనే వాల్తేరు దాకా లైను ఆ కంపెనీ చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల జనం రైలెక్కారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఈ రైల్వే కార్మికులకు నాయకుడిగానే ముందు పేరు తెచ్చుకున్నారు. రైల్వే కాలనీని ఆనుకుని ఉన్న ఖరిదా వీధుల్లో ఈనాటికీ బెంగాలీ, హిందీ, ఒడియాల మధ్య సిక్కోలు యాస వినిపిస్తుంది. ‘ఏటి’, ‘ఎల్దాం’ అంటూ మొదలైన వాక్యం బెంగాలీ క్రియతో ముగియడం అక్కడ మామూలు.

అలాంటి ఊళ్లో కూలి డబ్బులతో నలుగురు పిల్లల్ని సెలవుల్లో ఎక్కడికి తీసుకెళ్తారు? ఫిట్టర్‌గారి జవాబు: ఖర్చు లేని చోటికల్లా. మొదటి చోటు ఊళ్లోనే ఉంది. ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. ప్రపంచంలో అంత పొడుగు ప్లాట్‌ఫాం లేదని బడిపుస్తకాల్లో రాసేవారు. సెలవులిచ్చిన మర్నాడు తెల్లవారకముందే పిల్లల్ని లేపి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేవాడాయన. పెద్దవాడు అంగలు లెక్కపెట్టాలి. పద్దెనిమిది వందలకు అటూ ఇటూ వచ్చేవి. ఏటా ఆ సంఖ్య తగ్గుతుంటే పిల్లాడు ఎదుగుతున్నాడని అర్థం. గోడ మీద గీతలు గీసి ఎత్తు కొలిచే వాళ్లుంటారు, ఈయన ప్లాట్‌ఫాంతో కొలిచాడు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ రికార్డును పట్టుకుపోయాయి. రికార్డు పోయినంత మాత్రాన ప్లాట్‌ఫాం కురచ కాలేదు కదా, మనవడి చేత కూడా అంగలు వేయించాడు.

రెండోది ఏరు. ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ మధ్య పారే కంసావతిని బెంగాలీలు కాసాయి అంటారు. తెలుగు చెవికి అది ‘కసాయి’ లాగే వినబడుతుంది. చిన్నప్పుడు పిల్లలు ఆ పేరుకే జడిసేవారు. వేసవిలో నిజానికి ఆ నది అంత భయపెట్టదు. కనుచూపు మేర ఇసుక, నడుమ సన్నటి పాయ. నాలుగున్నరకు బయల్దేరాలి. సైకిల్ ముందు కడ్డీ మీద ఒకరు, వెనక క్యారియర్ మీద ఇద్దరు. పెద్దవాడికి అద్దె సైకిల్. డబ్బాలో చద్దన్నం, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు. ఒడ్డున బెంగాలీ కుటుంబాలు తినే ‘పాంతా భాత్’ కూడా అచ్చంగా ఇదేనని తెలిసినప్పుడు పిల్లలకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. చద్దన్నం పేదరికానికి గుర్తని బడిలో సిగ్గుపడిన పెద్దవాడు ఆ రోజు నుంచి సిగ్గుపడటం మానేశాడు.

నీళ్లలోకి దిగడానికి ఒక నియమం ఉండేది. ముందు నాన్న ఒక కర్రతో అడుగు చూడాలి. ఇసుక తవ్విన చోట పైకి మోకాలి లోతులా కనిపిస్తూనే గుండెల దాకా దిగిపోయే గుంటలుంటాయి. ఎక్కడ కర్ర ఆనిందో అక్కడివరకే పిల్లల రాజ్యం. సాహసమంటే హద్దు లేకపోవడమనుకునే వాళ్లు ఈ కర్రను చూసి నవ్వుతారేమో. హద్దు తెలిసింది గనుకే ఆ నలుగురూ నీళ్లలో బెదరకుండా ఆడారు, ఆ ఇంటి పిల్లలందరికీ ఈత వచ్చింది.

1990ల మధ్యలో ఒక వేసవి ప్రయాణం గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖరగ్‌పూర్‌కు సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో, కేశియాడి దగ్గర కురుంబేరా అనే రాతికోట ఉంది. ఎర్రటి రాతి గోడలు, లోపల పెద్ద ఆవరణ, చుట్టూ స్తంభాల వసారా. 15వ శతాబ్దంలో ఒడిశా గజపతి కపిలేంద్రదేవుడి కాలంలో కట్టారని చరిత్ర. పర్యాటకుల తాకిడి లేదు, టికెట్ లేదు. బస్సు దిగి ఎర్రమట్టి దారిలో నడవాలి. తల్లి నెత్తిన తువ్వాలు, చేతిలో మంచినీళ్ల బిందె. బిందె ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో నీళ్ల సీసా కొనడమన్న మాటే ఆ ఇంట్లో లేదు.

కోటలో మధ్యాహ్నం దాకా దాగుడుమూతలు. మూడింటికి వాయవ్యంగా ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. బెంగాల్‌లో దీన్ని కాలబైశాఖి అంటారు. రోజంతా కాలిన నేల మీదికి సాయంత్రం వేళ ఒక్కసారిగా విరుచుకుపడే గాలివాన అది. అరగంటో గంటో ఉంటుంది, ఆ కాసేపట్లోనే రేకులు లేపుతుంది, చెట్లు పడేస్తుంది, పిడుగులు కురిపిస్తుంది. పిల్లలు బయటి చెట్టు కిందికి పరిగెత్తబోయారు. తల్లి అరుపు గాలిలో వినపడలేదు. తండ్రి ఇద్దరి చేతులూ పట్టుకుని వసారాలోకి ఈడ్చాడు. గోడకు వీపులు ఆనించి, మధ్యలో చంటిదాన్ని పెట్టుకుని, ఆరుగురూ కూర్చున్నారు. గాలివాన వెలిశాక చూస్తే బయటి చెట్టు కొమ్మ ఒకటి విరిగి, వాళ్లు నిలబడాలనుకున్న చోటే పడి ఉంది.

‘‘మన గజపతి రాజు కట్టిన గోడర్రా, ఊరికే పోద్దేటి?’’ అన్నాడాయన. కపిలేంద్రుడి రాజ్యం ఇటు గంగ ఒడ్డు నుంచి అటు గోదావరి దాటి విస్తరించిందన్న సంగతి ఆయన ఎక్కడో విన్నాడు. అంటే పలాసకూ ఖరిదాకూ ఒకప్పుడు ఒకే రాజు. ఉన్న ఊళ్లో పరాయివాడిగా, సొంతూళ్లో ‘కర్గపూరోడు’గా పిలిపించుకునే మనిషికి ఈ చిన్న చరిత్ర పాఠం ఎంత ఊరటో ఊహించవచ్చు.

దిఘాకు కూడా వెళ్లేవారు. 2004లో రైలు వచ్చేవరకు వంద కిలోమీటర్ల పైచిలుకు బస్సులోనే. తల్లిది బారువ. సముద్రం పక్కనే పుట్టిన మనిషి. దిఘా ఒడ్డున సరుగుడు తోటల్లో కూర్చుని, ‘ఇదేం సముద్రం, బురదనీళ్లు’ అని తీసిపారేసేది. పిల్లలకు మాత్రం అదే సముద్రం. ఒడిశా సరిహద్దు దాటి చందనేశ్వర్ గుడికి, అటునుంచి తల్సారీ ఒడ్డున ఎర్రపీతలు చూడటానికి వెళ్లిన రోజులు వాళ్లకు బాగా గుర్తు.

అడవి సంగతే వేరు. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ లైనులో ఝార్‌గ్రామ్‌కు గంటలోపు ప్రయాణం. స్టేషన్ దాటితే సాలవనాలు. ఇంకొంచెం లోపలికి, జాంబనీ ప్రాంతంలో దులుంగ్ వాగు ఒడ్డున చిల్కీగఢ్. అక్కడ వెలిసిన అమ్మవారి పేరు కనకదుర్గ. బెజవాడ ఇంత దూరం ఎలా వచ్చిందని తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. గుడి చుట్టూ దట్టంగా అల్లుకున్న చెట్లు, చేతిలో అరటిపండు కనిపిస్తే లాక్కుపోయే కోతులు. వాగులో కాళ్లు పెట్టి, ఇప్పచెట్ల కింద పూలు ఏరుకుని, సాయంత్రం ప్యాసింజర్‌కు తిరిగొచ్చేవారు. ఏనుగులు తిరిగే కాలంలో పొద్దువాలక ముందే స్టేషన్ చేరాలన్నది ఇక్కడి నియమం.

2008 చివరి నుంచి ఆ దారి మూసుకుపోయింది. లాల్‌గఢ్ అలజడి, మావోయిస్టుల బంద్‌లు, బలగాల గాలింపు. ఏ రోజు రైలు నడుస్తుందో, ఏ రోజు పట్టాల మీద చెట్లు నరికి పడేస్తారో తెలియదు. ఆ ఇంటి ఆఖరి అమ్మాయి అప్పటికి హైస్కూల్లో ఉంది. అన్నలు, అక్క చూసిన అడవిని తనకు చూపించలేదని ప్రతి వేసవీ అలిగేది. 2010 మే 28న, నడివేసవి సెలవుల్లో, అర్ధరాత్రి ఖరగ్‌పూర్ దాటిన జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ ఖేమాశులి, సర్డిహాల మధ్య పట్టాలు తప్పింది. ఎదురుగా వస్తున్న గూడ్సు దాన్ని గుద్దింది. 148 మంది చనిపోయారు. పట్టాలను కావాలనే విప్పారన్నది దర్యాప్తు తేల్చిన మాట. ఆ తర్వాత చాలాకాలం రాత్రిపూట ఆ లైనులో రైళ్లు నడపలేదు. చిన్నమ్మాయి అలగడం కూడా మానేసింది.

మరుసటి ఏడాది నవంబర్ 24న అదే జాంబనీ ప్రాంతంలోని బుడిశోల్ అడవిలో మావోయిస్టు నాయకుడు కిషన్‌జీ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అసలు పేరు మల్లోజుల కోటేశ్వరరావు, ఊరు పెద్దపల్లి. కనకదుర్గ పేరు విని మురిసిన తెలుగు కుటుంబాలకు ఆ అడవిలో ఇంకో తెలుగు పేరు ఇలా వినిపిస్తుందనే ఊహ లేదు. ఆ వార్త వచ్చిన రోజు ఖరిదాలో ఎవరి ఇళ్లలో వాళ్లు టీవీల ముందు కూర్చున్నారు. అడవి మళ్లీ మామూలు అడవి కావడానికి కొన్నేళ్లు పట్టింది. చిన్నమ్మాయి చిల్కీగఢ్ చూసింది పెళ్లయ్యాక, భర్తతో.

ఇప్పుడు మూడో తరం. పెద్దకొడుకు రైల్వేలో లేడు. తండ్రి చేసిన పని కొడుక్కి దక్కే రోజులు ఎప్పుడో పోయాయి. పరీక్షలు రాశాడు, రాలేదు. గోల్‌బజార్ వైపు ఒక దుకాణంలో లెక్కలు చూస్తాడు. అతనికి పన్నెండేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు. తాతకు రిటైరయ్యాక కూడా పాసులు వస్తాయి, మునుపటికన్నా తక్కువ. అవి ఆయనకూ ఆయన భార్యకే. 2020 నుంచి పాసు కాగితం పోయి కంప్యూటర్‌లోకి వెళ్లింది, దాన్ని తీయడానికి మనవరాలి సాయం కావాలి. పాసు తీసిపెట్టే మనవరాలికి మాత్రం పాసు లేదు. నలుగురికి టికెట్లు కొనాలంటే కొడుకు జీతంలో పెద్ద భాగమే పోతుంది.

డబ్బు ఒక సమస్య. ఎండ ఇంకొకటి. 2024లో పశ్చిమబెంగాల్ బడులకు ఏప్రిల్ 22 నుంచే సెలవులిచ్చేశారు. అదే నెల 30న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీలు నమోదైంది. అంతకుముందు 2022లోనూ మే 2కే బడులు మూశారు. సెలవులు పెరుగుతున్నాయి, బయట గడిపే గంటలు తరుగుతున్నాయి. నాలుగున్నరకు బయల్దేరిన సైకిల్ ఒకప్పుడు పదకొండుకు ఇల్లు చేరేది. ఇప్పుడు ఎనిమిదింటికి చేరకపోతే కోడలు గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆమెదీ తప్పు కాదు. కంసావతి ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచిన రోజులు నిజమే కానీ, అప్పటి ఇసుక ఇలా కాలేది కాదు.

అన్నిటికన్నా పెద్దది భయం. 2023లో నలుగురికీ టికెట్లు కొన్నారు. తాత, నాయనమ్మలది పాసు. జూన్ 3న ప్రయాణం. 2వ తేదీ సాయంత్రం ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బాలాసోర్ దాటాక బహనగా బజార్ స్టేషన్‌లో మెయిన్ లైను వదిలి లూప్ లైనులోకి దూసుకెళ్లి, అక్కడ నిలిచి ఉన్న ఇనుప ఖనిజం గూడ్సును ఢీకొంది. పట్టాలు తప్పిన పెట్టెలు ఎదురుగా వస్తున్న యశ్వంత్‌పూర్-హౌరా రైలు చివరి పెట్టెలకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. బహనగా ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. ఆ రాత్రి ఊళ్లో నిద్రపోయిన రైల్వే ఇల్లు లేదు.

51 గంటల్లో పట్టాలు బాగుచేసి రైళ్లు నడిపారు. వారం తిరగకముందే తాత మళ్లీ సంచి సర్దాడు. కోడలు సర్దలేదు.

‘‘మీరెల్లండి మావయ్యా. పిల్లలు రారు.’’

‘‘పట్టాలంటే బయపడితే ఈ ఊర్లో ఉండగలమేటమ్మా?’’

‘‘మీరు చక్రాలు చూసినోరు. సిగ్నల్ ఎవరు సూశారు?’’

ఆయన దగ్గర జవాబు లేదు. ముప్పై ఎనిమిదేళ్లు చక్రాలు, బేరింగులు బాగుచేసిన మనిషి. తన చేతిలోంచి వెళ్లిన పెట్టె దారిలో ఆగిపోదని గుండె మీద చెయ్యేసి చెప్పగలడు. అది ఏ లైనులోకి వెళ్తుందన్నది ఆయన చేతిలో ఎన్నడూ లేదు. ఆ వేసవి ముసలాళ్లిద్దరే వెళ్లొచ్చారు. మరుసటి వేసవి ఎండ పేరు చెప్పి ఎవరూ కదల్లేదు. పలాస ఇంట్లో తాళం తుప్పు పట్టిందని బంధువులు కబురు చేశారు.

దీనికి ఇంకో వైపు ఉంది. మనవరాలు ఇంగ్లీషు మీడియం. బెంగాలీ అనర్గళంగా మాట్లాడుతుంది, హిందీ రాస్తుంది. తెలుగు ఇంట్లో వింటుంది, అంతే. 2020 డిసెంబర్‌లో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్‌లో సంబరపడ్డారు. హోదా రావడం మంచిదే. కానీ పన్నెండేళ్ల పిల్లకు అక్షరం రావడానికి ప్రభుత్వ ఉత్తర్వు కన్నా దగ్గరి దారి కావాలి. కొడుకు తరానికి ఆ దారి వేసవి ప్రయాణమే. బడిలో నేర్చిన ‘అ ఆ’లు కిటికీ బయట పెద్ద పెద్ద పసుపు బోర్డుల మీద కనిపించేవి. చదివినవాడికి జంతిక బహుమానం.

2025 వేసవిలో కోడలే ముందు మాటెత్తింది. కారణం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పగటి బండి అయితేనే అని షరతు పెట్టింది. ఫలక్‌నుమాకు నాలుగు టికెట్లు, ఒక పాసు. పాసు వాళ్లు ఒక పెట్టెలో, టికెట్ల వాళ్లు రెండు పెట్టెల అవతల. బండి కదలగానే తాత తన సీటు వదిలి పిల్లల దగ్గరికి వచ్చేశాడు. బాలాసోర్ దాటాక కోడలు కిటికీ వైపు నుంచి లేచి లోపలి వైపుకు జరిగింది. తాత ఆ కిటికీలో కూర్చుని మనవడికి మెయిన్ లైను ఏదో, లూప్ ఏదో, పాయింటు దగ్గర పట్టా నాలుక ఎలా పక్కకు జరుగుతుందో వేళ్లతో చూపించాడు. ‘‘తప్పు జరిపితే?’’ అన్నాడు పిల్లాడు. ‘‘తప్పే’’ అన్నాడు తాత. బహనగా బోర్డు వెనక్కి పోయేవరకు ఇంకేమీ మాట్లాడలేదు. కటక్ వచ్చాక డబ్బా తెరిచారు, పులిహోర.

మధ్యాహ్నం తిరిగాక చిలికా. పట్టాల పక్కనే నీళ్లు, దూరంగా పడవలు, నీళ్లలోకి చొచ్చుకొచ్చిన కొండలు. పిల్లాడు తలుపు దగ్గరికి పోతానని మారాం చేశాడు. కంసావతి కర్ర ఇక్కడ నాయనమ్మ చెయ్యి అయింది, చొక్కా వెనక పట్టుకుని వదల్లేదు. బరంపురం దాటింది. అప్పటిదాకా గుండ్రటి ఒడియా అక్షరాలున్న బోర్డులు. తాత మనవరాలిని కిటికీ వైపు జరిపాడు. ఆమె అమ్మ కూడా తల తిప్పి చూసింది.

ఇచ్ఛాపురం బోర్డు వచ్చేసరికి బండి వేగం మీద ఉంది. పిల్లకు ‘ఇ’ దొరికింది, మిగతాది వెనక్కి పోయింది. తర్వాతది ఝాడుపూడి. ‘ఝ’ చూసి నోరు తెరిచింది, అలాంటి అక్షరం ఉందని తనకెవరూ చెప్పలేదని తగువు పెట్టుకుంది. సోంపేట దగ్గర ‘పేట’ చదివింది. ‘సో’ పక్కనున్న సున్న ఎందుకని అడిగింది, తమ్ముడు నవ్వాడు. బారువ మూడక్షరాలూ వచ్చేశాయి. అది తన పుట్టిల్లని నాయనమ్మ అటు చూపించేలోగా ఊరు దాటిపోయింది. మందస రోడ్డు దగ్గర ఏ కారణం చేతనో బండి నెమ్మదించింది. పిల్ల వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చివరి ‘డ్డు’ దాకా చదివింది. తాత డబ్బాలో చెయ్యి పెట్టి ఆఖరి జంతిక తీసిచ్చాడు. పలాసకు ఇంకో స్టేషనే ఉందని గుర్తొచ్చి, బెర్తు కింది సంచులు లాగడానికి వంగాడు.